బానెట్ కింది జాడీ

"ఈ దేశంలో ప్రతి కుటుంబమూ తన సొంత కారులో కొండకు షికారు వెళ్ళే రోజు వచ్చేసింది!"

ఈ మాట అన్నది మా నాంపో రేవుపట్నం కార్ల ఫ్యాక్టరీ డైరెక్టర్ ప్యోన్ గారు. అన్న చోటు మా అపార్టుమెంటు పెరడు. అన్న సమయానికి లిఫ్టు పనిచేయడం లేదు. ఎనిమిదో అంతస్తు ముసలమ్మ నీళ్ళ బకెట్‌తో మెట్లెక్కుతూ, మూడో అంతస్తు దగ్గర చతికిలబడి ఆయాసం తీర్చుకుంటోంది. డైరెక్టర్ గారి మాట చెవిన పడగానే మెట్ల కిటికీలోంచి తల బయటపెట్టింది.

"కొండకెందుకు నాయనా! ఎనిమిదో అంతస్తుకి తీసుకెళ్తుందేమో కనుక్కో!"

అందరం చప్పట్లు కొట్టాం. డైరెక్టర్ గారు తన మాటకే అనుకున్నారు.

మా ఫ్యాక్టరీ గురించి ఒక ముక్క చెప్పాలి. సగం మాది, సగం సముద్రాలకు అవతల స్థిరపడిన మన జాతివాడే అయిన నామ్‌గుంగ్ అనే పెద్దాయనది. ఆయన పెట్టెల్లో కారు ముక్కలు సర్ది ఓడలో పంపిస్తాడు. మావాళ్ళు మరలు బిగించి, తుడిచి, వరసగా నిలబెడతారు. నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉంటాయి. రాజధానికి వెళ్ళే రోడ్డు పక్కన మా కారు బొమ్మతో పెద్ద బోర్డు ఉంది. అందులో అమ్మా నాన్నా కూతురూ కారులో కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు. ఆ రోడ్డంతా వెతికినా ఇంకో వ్యాపార ప్రకటన లేదు కాబట్టి, చాలామంది అది పళ్ళపొడి గురించి అనుకుంటారు.

ఆ ఫ్యాక్టరీలో మా ఆయన ఓక్ గిల్సు అమ్మకాల విభాగానికి అధిపతి. ఇంతకన్నా ప్రశాంతమైన ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉండదు. కారు ఉండదగ్గ వాళ్ళకు అది పైనుంచి వస్తుంది. కొనుక్కుందామనుకునే వాళ్ళకు ఉండదగ్గ యోగం రాదు. ఈ ఇద్దరి మధ్యా మా ఆయన బల్లా, కుర్చీ, టెలిఫోనూ ఉంటాయి. టెలిఫోను మోగితే ఆయనకు గుండెదడ.

ఆ ఏడు అది మోగింది. "ఈసారి వచ్చినప్పుడు నేను లెక్కలూ పటాలూ చూడను. మన కారు కొనుక్కుని వాడుకుంటున్న ఒక్క కుటుంబాన్ని చూపించండి చాలు" అన్నాడట నామ్‌గుంగ్ పెద్దాయన.

ఒక్క కుటుంబం! డైరెక్టర్ గారు ఆలోచించారు. అమ్మకాల అధిపతే కొనకపోతే ఇంకెవరు కొంటారు? అలా ఏడో అంతస్తులో ఉండే మేము, కడుపులో చల్ల కదలకుండా, ఒక్క పూటలో కారు యజమానులమైపోయాం.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. కారు నిలవాలంటే చదునైన చోటు కావాలి. మా పెరట్లో అందుకు వీలైన జాగా ఒక్కటే, ఉత్తరం గోడవార నీడ. సరిగ్గా అక్కడే మా అపార్టుమెంటు వాళ్ళ జాడీల గుంతలున్నాయి. ఏటా చలి మొదలవగానే క్యాబేజీ, ముల్లంగీలతో కిమ్చీ పచ్చడి పెట్టి, జాడీలను మెడదాకా ఆ గుంతల్లో పాతుకుంటాం. వసంతం దాకా మా అందరి కూరా అదే. లోపల పెడితే పులిసిపోతుంది, బయట పెడితే రాయిలా గడ్డకడుతుంది. భూమాత కడుపులో ఉంటేనే దానికి సుఖం, మాకు అన్నం.

"గుంతలు పూడ్చేసి సిమెంటు పోయిస్తున్నాం" అన్నారు డైరెక్టర్ గారు.

మా అపార్టుమెంటు బృందానికి పెద్ద మేంగ్ పిన్నిగారు నోరు తెరిచింది. "మరి జాడీలూ..."

"పిన్నిగారూ, ప్రగతి ముఖ్యమా, పచ్చడి ముఖ్యమా?"

ఈ ప్రశ్నకు గట్టిగా చెప్పదగ్గ సమాధానం ఒక్కటే ఉంది. ఆవిడ అదే చెప్పింది. చప్పట్లు కూడా మొదట ఆవిడే కొట్టింది.

సిమెంటు ఆరాక కారు వచ్చింది. వచ్చింది అనడం కన్నా, తోసుకొచ్చారు అంటే బాగుంటుంది. ఫ్యాక్టరీ వాళ్ళు వెనకనుంచి వీధి మొదలు నుంచీ తోసుకొచ్చారు.

"కొత్త ఇంజన్ కదా, ఊరికే వేడెక్కకూడదు" అన్నారు డైరెక్టర్ గారు. ఆ మాటని తన సొంత కారులో కూర్చునే అన్నారు. దాని ఇంజన్ చక్కగా గుర్రుమంటోంది. నిరుడు చలికాలమంతా దగ్గీ దగ్గీ ఆగిపోయిన బండి, ఈ ఏడు ఎలా కోలుకుందో!

ఆ సాయంత్రం మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "ఏమోయ్, ఆ బానెట్ మాత్రం తెరవకు" అన్నారు.

ఆడదాన్ని ఏదైనా తెరవద్దంటే ఏమవుతుందో ప్రపంచంలో అన్ని కథలూ చెప్పాయి. మా ఆయన కథలు చదవరు. తెల్లారాక పెరట్లోకి వెళ్ళి గొళ్ళెం లాగాను. లోపల ఏమీ లేదు. అంటే, నిజంగానే ఏమీ లేదు. కడిగిపెట్టిన గాదెలా శుభ్రంగా, విశాలంగా, ముందున్న జల్లెడలోంచి చల్లటి గాలి వస్తూ, ఎంత హాయిగా ఉందో!

"ఏవండీ, మన కారుకి ఇంజన్ ఏదీ?"

"మెల్లిగా మాట్లాడవే! డైరెక్టర్ గారి కారుకి విడిభాగాలు దొరకలేదు. అందుకని... మనం కదల్చం కదా, మనకెందుకు?"

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా విషయంలో పల్లకీ కూడా బోయీలు మోస్తేనే కదులుతుంది.

ఇక నాకు శిక్షణ మొదలైంది. డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి నేర్పారు. నామ్‌గుంగ్ పెద్దాయన అడిగితే నేను చెప్పాల్సిన మాట: "ఆదివారాల్లో మేము కారులో కొండకు షికారు వెళ్తాం. దారి పొడవునా పిల్లలు చేతులూపుతారు."

"చేతులూపుతారు అన్నప్పుడు కొంచెం నవ్వాలి" అన్నారాయన. "మీరు నవ్వితే ఎగతాళి చేసినట్టుంది. మామూలుగా నవ్వండి."

"నా మామూలు నవ్వు ఇదేనండీ" అన్నాను.

నమ్మకం కలిగించడానికి కారుకి ఒక సీసాడు పెట్రోలు కూడా మంజూరు చేశారు. వాడుకలో ఉన్న కారంటే కాస్త పెట్రోలు వాసన రావాలి కదా! ఆ సీసా మా ఇంట్లో ఒక్క పూట కూడా నిలవలేదు. నాంపోలో పెట్రోలు కనబడితే మగాళ్ళకు ఒకటే ఆలోచన వస్తుంది. గడ్డిచాప మీద ఆలిచిప్పలు వరసగా బోర్లించి, మీద పెట్రోలు చల్లి, నిప్పంటించి, టపటపా నోళ్ళు తెరుచుకున్నవాటిని ఊదుకుంటూ తింటే ఉండే రుచి ఇంకే పొయ్యికీ రాదు. ఆ సాయంత్రం అపార్టుమెంటు మగాళ్ళంతా కారు చుట్టూ గొంతుక్కూర్చుని కారు గురించి తెగ పొగిడారు. మా ఆయన ఇన్నేళ్ళ ఉద్యోగంలో కారు గురించి అంత మంచిమాట వినడం అదే మొదలు.

కారు రాకతో నా హోదా మారిపోయింది. అంతవరకూ నేను, మా అమ్మాయి పేరుతో, ఉన్బ్యోల్ వాళ్ళమ్మని. ఇప్పుడు కారు వదినని. కుళాయి దగ్గర నన్ను ముందుకు పొమ్మనేవాళ్ళు. రెండో అంతస్తు హ్యాంగ్‌రాన్, వాళ్ళాయన ఓడలో పనిచేస్తాడు, రోజూ వచ్చి వెనకసీట్లో కాసేపు కూర్చుని, కిటికీలోంచి మా గోడను చూసి, "ఎంత దూరం వెళ్ళొచ్చినట్టుందో వదినా!" అని దిగిపోయేది. వంతులవారీగా రోజూ పొద్దున్నే కారు కడగాలని బృందానికి ఉత్తర్వు. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం అంటే ఏమిటో నాకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది. మా గుర్రం గుడ్డిది కూడా కాదు, గుండె లేనిది.

పెద్దాయన రాక వాయిదా పడింది. మళ్ళీ పడింది. "ఆయన వచ్చేదాకా కారుని అంగుళం కదల్చకూడదు" అని ఇంకో ఉత్తర్వు. ఇంత సులభంగా పాటించగలిగిన ఉత్తర్వు మా జీవితంలో ఇంకోటి రాలేదు.

ఈలోగా క్యాబేజీల లారీ వచ్చేసింది. పెరట్లో కొండంత కుప్ప. అది చూసి అందరి మొహాలూ సిమెంటు వైపు తిరిగాయి. కోసి, ఉప్పులో నానేసి, కడిగి, మసాలా దట్టించి, జాడీలకెత్తి, అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎక్కడ పెట్టాలి? చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. హ్యాంగ్‌రాన్‌కి చంకలో పసిపిల్ల, ఇంట్లో అత్తగారు. కిమ్చీ పోతే ఆ ఇంట్లో వసంతం దాకా ఉప్పునీళ్ళూ మొక్కజొన్న అన్నమే.

కాలేజీలో నేను భౌతికశాస్త్రం చదివాను. ఇన్నేళ్ళకు దానితో పని పడింది. ఉత్తరం గోడ నీడ. ఎండ తగలదు. మా ఫ్యాక్టరీలో పని తక్కువ, చేతులు ఎక్కువ కాబట్టి, ఒక్కో తలుపునీ పెళ్ళికూతురికి జడ వేసినంత ఓపిగ్గా బిగించారు, చీమ దూరదు. మీద ఒక బొంత కప్పితే గడ్డకట్టదు, లోపల పొయ్యి లేదు కాబట్టి పులవదు. ఇంతకన్నా ఏం కావాలి? నా పెద్ద జాడీ బానెట్ కిందకి దించాను. తన కోసమే కొలత తీసినట్టు కూర్చుంది.

మర్నాటికి హ్యాంగ్‌రాన్ జాడీ డిక్కీలోకి వచ్చింది. ఎనిమిదో అంతస్తు ముసలమ్మ జాడీకి, ఆవిడ మోకాళ్ళ మీద జాలిపడి, నా జాడీ పక్కనే చోటిచ్చాను. డిక్కీ నిండాక వెనకసీటు.

మేంగ్ పిన్నిగారు పట్టేసుకుంది.

"ఉన్బ్యోల్ వాళ్ళమ్మా! ఇది ప్రగతికి గుర్తు! దీంట్లో ముల్లంగి ముక్కలా? శనివారం ఆత్మవిమర్శ సమావేశంలో నీ పేరు లేస్తుంది, చూసుకో!"

"లేవనివ్వండి పిన్నిగారూ. ఇంతకీ మీ జాడీ ఎక్కడ పెట్టారు?"

ఆవిడ గోడ వైపు చూసింది.

"బాల్కనీలోనా? నిన్న మా బాల్కనీలో తడిగుడ్డ బల్లచెక్కలా నిలబడింది."

ఆవిడ గొంతు ఒక మెట్టు దిగింది. "వెనకసీట్లో చోటుందా?"

"ఒక మూల ఉంది."

"మూలా? బృందం పెద్దని పట్టుకుని మూల అంటావా! నాయకత్వం ఎక్కడుండాలో తెలియదూ?"

అలా ఆవిడ జాడీ స్టీరింగ్ వెనక కూర్చుంది. జారిపోకుండా బెల్టు కూడా పెట్టాం. శనివారం సమావేశంలో ఎవరి పేరూ లేవలేదు. "వనరుల సద్వినియోగం" అని పిన్నిగారు చక్కగా మాట్లాడింది.

పచ్చళ్ళు సగం ఊరాక, సరిగ్గా అప్పుడు, పెద్దాయన వస్తున్నాడని కబురొచ్చింది. అదీ ఆ పూటే! జాడీలు తీసి ఎక్కడ పెడతాం? మా ఆయన మొహంలో నెత్తురు లేదు. ఆలోచించి ఆలోచించి కారు కిటికీలకు మా ఇంటి తెరలు కత్తిరించి కట్టారు. పెద్దపెద్దవాళ్ళ కార్లకు తెరలుంటాయి కదా! కళ్ళకు తెర కట్టారు గాని, ముక్కులకు కట్టే తెర ఇంకా మన దేశంలో తయారు కావడం లేదు.

మేమంతా పట్టుబట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డాం. ముందు డైరెక్టర్ గారి కారు గుర్రుమంటూ వచ్చింది. వెనక వ్యానులోంచి నామ్‌గుంగ్ పెద్దాయన దిగాడు. చిన్న మనిషి. పెద్ద ముక్కు. మా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆగి, పీల్చాడు.

"ఏమిటీ వాసన?"

"కొత్త సీట్ల వాసనండీ!" అన్నారు డైరెక్టర్ గారు.

"నేను పుట్టినప్పట్నుంచీ సీట్ల మీదే కూర్చుంటున్నాను నాయనా. ఏ సీటూ వెల్లుల్లి వాసన వేయలేదు." ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, కారు బాగుందా?"

"ఆదివారాల్లో మేము కారులో కొండకు షికారు వెళ్తాం. దారి పొడవునా పిల్లలు చేతులూపుతారు" అన్నాను. నవ్వాను కూడా.

"ఏ కొండకి?"

శిక్షణలో ఈ ప్రశ్న లేదు.

"తూర్పు కొండకి!" అన్నారు మా ఆయన.

"పడమటి కొండకి!" అన్నారు డైరెక్టర్ గారు.

"ఒక వారం అటూ, ఒక వారం ఇటూ" అన్నాను.

"బాగా తిరిగారన్నమాట! అయితే ఇంజన్ ఎలా ఉందో చూడాల్సిందే. దగ్గరుండి ఓడెక్కించిన ఇంజన్లవి. బానెట్ తీయండి."

"అయ్యో, తాళంచెవి పోయిందండీ!" అన్నారు డైరెక్టర్ గారు.

మూడో అంతస్తు మెట్ల కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. "తాళమెందుకు నాయనా, కింద గొళ్ళెం ఉంది, లాగు! నేను రోజూ తీస్తున్నాగా!"

పెద్దాయన లాగాడు. బానెట్ లేచింది. నా పెద్ద జాడీ, తెల్లగుడ్డ వాసెన, దాని మీద నల్లరాయి. పక్కన ముసలమ్మ జాడీ. రేడియేటర్ ఉండాల్సిన చోట ఎండుమిరపకాయల దండ.

కాకి కూడా అరవలేదు. తర్వాత డైరెక్టర్ గారు అరిచారు.

"ద్రోహం! ఇంజన్ ఏది? ఓక్ గిల్సూ, ఇంజన్ ఎవరికి ఇచ్చావ్? రేపట్నుంచి ఓడరేవులో బస్తాలు మోస్తావు నువ్వు! ఇవన్నీ ఇప్పుడే బయట పారబోయించండి!"

పారబోయడం! హ్యాంగ్‌రాన్ పసిపిల్లతో సహా డిక్కీకి అడ్డంగా నిలబడింది. మా ఆయన ఏ రోజూ పైవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగరు. ఆ పని నాకూ రాదు. నాకు వచ్చిందల్లా మర్యాద. మర్యాదగా వెళ్ళి డైరెక్టర్ గారి కారు బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

"డ్రైవరు తమ్ముడూ, ఈ ఏడు బండి దగ్గడం లేదే! మందేమైనా వేశారా?"

"మందెందుకక్కా, గుండే మార్చారు! ఫ్యాక్టరీలో కొత్త కారుది తీసి వేశాక ఎంత బాగుందో!" అన్నాడు డ్రైవరు గర్వంగా.

డైరెక్టర్ గారు ఆకాశం వైపు చూశారు. మంచు పడే సూచనలేమైనా ఉన్నాయేమోనని.

పెద్దాయన ఆ కారును చూశాడు, ఈ కారును చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"మరి ఇంజన్ లేదని నువ్వెందుకు అడగలేదమ్మా?"

"ఇంజన్ ఉంటే కారు కదులుతుందండీ. కారు కదిలితే జాడీ కదులుతుంది. కదిలిన కిమ్చీ చెడుతుంది" అన్నాను.

ఆయన నల్లరాయి తీసి, వాసెన విప్పి, వేళ్ళతో ఒక ఆకు తీసి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు.

"ఉప్పు తక్కువైంది."

మేంగ్ పిన్నిగారికి రోషం పొడుచుకొచ్చింది. "అది బానెట్ సరుకండీ! దాన్ని బట్టి మా అపార్టుమెంటుని అంచనా వేస్తారా? ముందుసీటుది రుచి చూడండి!" అని తెర తీసి, బెల్టు విప్పింది.

ముందుసీటు అయింది. వెనకసీటు అయింది. డిక్కీ దగ్గర హ్యాంగ్‌రాన్ జాడీలో ఆయన చెయ్యి రెండోసారి కూడా దిగింది. చెయ్యి తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఉపన్యాసం ధోరణిలో అన్నాడు:

"ప్యోన్ గారూ! మా వాటాదారులకు నేను ఏటా ఒక మాట చెప్తున్నాను. 'మన కారు ఆ దేశంలో నిత్యావసర వస్తువైపోయింది. పొద్దున లేస్తే దాని తలుపు తీయని ఇల్లు లేదు' అని. ఏటా ఆ మాట చెప్పి గుడికెళ్ళి క్షమాపణ అడుక్కునేవాణ్ణి. ఇవాళ్టితో నాకా బాధ తీరింది! ఇందులో ఒక్క జాడీ కదిలినా ఒప్పుకోను. బానెట్ మూయండి. అందరూ నవ్వండి. ఫొటో!"

అందరం నవ్వాం. ఫొటోలో మా ఆయన పళ్ళన్నీ కనబడుతున్నాయి. అచ్చం రోడ్డు పక్క బోర్డులా!

"ఇంతదూరం వచ్చి నాంపో ఆలిచిప్పలు తినకుండా పోతానా?" అన్నాడు పెద్దాయన ఉత్సాహంగా. చాప వచ్చింది, ఆలిచిప్పలు వచ్చాయి. పెట్రోలు? అందరి చూపులూ ఒకేసారి డైరెక్టర్ గారి కారు మీద వాలాయి. అతిథి ముందు కాదనలేక ఆయనే గొట్టం అందించారు. ఆలిచిప్పలు టపటపా నోళ్ళు విప్పాయి, డైరెక్టర్ గారు మాత్రం విప్పలేదు. చీకటి పడకముందే ఆయన కారును మేమే వీధి చివరిదాకా తోసి మర్యాదగా సాగనంపాం. మాకు అలవాటైన పనే.

ఆ తర్వాత మా ఆయన టెలిఫోను ఆగకుండా మోగింది. పక్క అపార్టుమెంటువాళ్ళు, చేపల కర్మాగారం వాళ్ళు, ఆఖరికి బడి పంతుళ్ళు. అందరికీ కారు కావాలి! అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంజన్ లేనిది ఉందా? ఇంజనుంటే చోటు దండగండీ."

"కారును జాడీల కొట్టుగా చూడడం వెనకబాటుతనం!" అని డైరెక్టర్ గారు ఫ్యాక్టరీలో గంభీరంగా ప్రసంగించారట. అది సోమవారం. గురువారం నాడు ఆయన డ్రైవరూ ఇంకో ఇద్దరూ బొంతలో చుట్టిన బరువైన దేన్నో మోసుకుంటూ, లిఫ్టు లేదు గనక మెట్లెక్కి, మా ఏడో అంతస్తుకు వచ్చి రొప్పుతూ దించారు. విప్పితే ఇంజన్.

"మీదే కదక్కా! డైరెక్టర్ గారి భార్య పంపేశారు" అన్నాడు డ్రైవరు. "అపార్టుమెంటు ఆడవాళ్ళందరికీ జాడీ పెట్టుకునే కారు ఉండి తనకు లేకపోతే తలెలా ఎత్తుకుంటానని గొడవ. ఆవిడ జాడీ మీ దానికన్నా పెద్దది. ఇది తీస్తేగాని పట్టలేదు."

ఇప్పుడు డైరెక్టర్ గారు ఫ్యాక్టరీకి నడిచి వెళ్తున్నారు. రోజూ ఆ బోర్డు కిందినుంచే.

ఇంజన్‌ని మా బాల్కనీలో, వేసవిలో ఖాళీ జాడీ ఉండే మూల, బొంత కప్పి పెట్టాం. ఎనిమిదో అంతస్తు ముసలమ్మ నీళ్ళ బకెట్ దించి, బొంత ఎత్తి చూసి, చల్లటి ఇనుము మీద ప్రేమగా చెయ్యి వేసింది.

"డైరెక్టర్ మాట మరీ అబద్ధమేం కాదే అమ్మాయ్! ఇంజన్ ఏడో అంతస్తు దాకా వచ్చేసింది. ఇంకొక్కటేగా!"